ఇరవై పేజీలకి 430 రూపాయలు: ఏ సూపర్‌హీరో ఇష్యూ విడిగా కొనాలి, దేనికి ఆగాలి

అమెరికన్ కామిక్ ఇష్యూ అంటే 6.625 అంగుళాల వెడల్పు, 10.25 అంగుళాల పొడవు, నడుమ రెండు పిన్నులు. పేజీలు 32 ఉన్నా అందులో కథ 20, మహా అయితే 22. మిగతావన్నీ ప్రకటనలు, వచ్చే నెల సరుకు గురించి డప్పు. డీసీ, మార్వెల్ అనే రెండు ప్రచురణ సంస్థల కవర్ల మీదా ఇప్పుడు ఎక్కువగా కనిపించే ధర 4.99 డాలర్లు. మన లెక్కలో 430 రూపాయలు దాటుతుంది, తెప్పించుకునే ఖర్చు వేరే. ఆ డబ్బుతో నెల్లూరులో ఇద్దరు చేపల పులుసుతో కడుపునిండా తిని లేవొచ్చు.

అందుకే ఇక్కడుండి కామిక్స్ కొనేవాళ్ళకి కథ బాగుందా లేదా అన్నదొక్కటే చాలదు. ఈ 20 పేజీలు విడిగా చదివితే తృప్తి ఉందా, లేక ఐదారు ఇష్యూలు కలిపి పుస్తకంగా వచ్చేదాకా ఆగాలా అన్నది తేల్చుకోవాలి. ఆ పుస్తకాన్నే ఫ్యాన్స్ ట్రేడ్ అంటారు. కొందరు రచయితలు ఇష్యూని ఇష్యూగానే కడతారు: ఎత్తుగడ, నడక, ముగింపు అన్నీ అందులోనే. ఇంకొందరు 120 పేజీల కథ రాసుకుని ఆరు ముక్కలుగా కోస్తారు. రెండో రకం చెడ్డ కథలని కాదు, నెలనెలా కొన్నవాడి జేబుకి చిల్లు, అంతే. కింది మాటలన్నీ ఈ కొలతతోనే. కథల గుట్టు విప్పను గానీ, మొదటి ఇష్యూల్లోనే బయటపడే సంగతులు దాచలేదు.

విడిగా కొనదగ్గవాటిలో ముందు చెప్పాల్సింది 2025 సెప్టెంబరులో మళ్ళీ 1వ నంబరుతో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్’. రచన మ్యాట్ ఫ్రాక్షన్, బొమ్మలు హోర్హే హిమెనెజ్, రంగులు టొమేయు మోరే. మొదటి ఇష్యూలో కిల్లర్ క్రాక్ అనే విలన్ తప్పించుకుని ఊళ్ళో పడతాడు. ఇలాంటి కథ మామూలుగా పదిహేను పేజీల తన్నులాటతో తేలిపోతుంది. ఇక్కడ మాత్రం క్రాక్‌ని కొట్టి పడెయ్యడం కంటే అతని పరిస్థితి ఏందో అర్థం చేసుకోవడం మీదే పేజీలు ఖర్చుపెట్టారు, చివరి పేజీకి ఆ సంగతి అక్కడికక్కడే ముగిసింది. అంతకుముందు కొన్నేళ్ళుగా ఈ పుస్తకం ఒక విపత్తు నుంచి ఇంకో విపత్తుకి పరిగెత్తి పరిగెత్తి అలసిపోయింది. పాత నీలం, బూడిదరంగు దుస్తులు మళ్ళీ తేవడం బాగుంది. నల్ల కవచం కంటే ఆ నీలం మీద రాత్రి దీపాల వెలుగు పడ్డప్పుడు మోరే రంగులకి పని దొరికింది. లోపం లేదని కాదు. హిమెనెజ్‌కి ప్రతి పేజీలోనూ కెమెరా తిప్పాలన్న యావ. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే చోట కూడా కోణం వంకరగా పెడతాడు, చదివే కన్ను ఒక్కోసారి తడబడుతుంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పాత కథ ఒక్క ముక్క తెలియకపోయినా అర్థమయ్యే ఇష్యూ ఇదే.

ఇక అందరూ మాట్లాడుకుంటున్న ‘ఆబ్సల్యూట్’ వరసకి వద్దాం. డీసీ 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. సూత్రం చిన్నదే: హీరోకి అండగా ఉన్నదాన్ని లాగేసి చూడు, వాడు నిలబడతాడా? బ్యాట్‌మ్యాన్‌కి ఆస్తి లేదు, వండర్ వుమన్‌కి ద్వీపం లేదు, సూపర్‌మ్యాన్‌కి క్యాన్సాస్ ఊళ్ళో పెంచిన తల్లిదండ్రులు లేరు.

‘ఆబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా, రంగులు ఫ్రాంక్ మార్టిన్. డ్రగోటా, మార్టిన్ ఇద్దరూ ‘ఈస్ట్ ఆఫ్ వెస్ట్’ అనే కామిక్‌కి ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళే, ఆ పొందిక ఇక్కడ పేజీ పేజీలో తెలుస్తుంది. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ ఇక్కడ సిటీ పనులు చూసే ఇంజినీరు. నాన్న బడిపంతులు, పిల్లల్ని జూకి తీసుకెళ్ళినప్పుడు జరిగిన కాల్పుల్లో పోయాడు. అమ్మ బతికే ఉంది. ఆల్‌ఫ్రెడ్ ఇంట్లో టీ కలిపే మనిషి కాడు, ఊరి మీద నిఘాకి వచ్చిన బ్రిటిష్ గూఢచారి. కథ చెప్పేది అతనే. శత్రువులు కావాల్సిన వాళ్ళంతా, వేలన్ జోన్స్, ఆజ్వాల్డ్ కాబుల్‌పాట్, హార్వీ డెంట్, ఎడ్వర్డ్ నిగ్మా, బ్రూస్‌కి చిన్ననాటి స్నేహితులు. ఎవడు ఎప్పుడు ఎటు తిరుగుతాడో అన్న భయం పాత పాఠకుడికి అడుగడుగునా ఉంటుంది, కొత్త పాఠకుడికి అది తెలియకపోయినా కథ కుంటుపడదు. ఈ మార్పులన్నిట్లో తెలివైనది ఇదే.

మొదటి ఇష్యూలో దగ్గరగా చూడాల్సింది ఆ దుస్తులు. డబ్బున్న బ్యాట్‌మ్యాన్‌కి నడుం బెల్టులో వంద సాధనాలుంటాయి. వీడికి లేవు కాబట్టి ఒంటి మీదున్న ప్రతిదీ పనిముట్టే. గుండె మీది గబ్బిలం గుర్తు ఊడొచ్చి గొడ్డలి తల అవుతుంది. ముసుగు చెవులు పీకితే కత్తులు. ఆ గుర్తు ఎందుకంత వెడల్పుగా, మోటుగా గీశారా అని మొదట అనిపిస్తుంది. గొడ్డలి అయ్యాక గాని అంత సైజు ఎందుకో బోధపడదు. డ్రగోటా కొలతలు కూడా అలాంటివే. భుజాలు తలుపు గడపకి పట్టవు. పేజీని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో ఒక చెయ్యి, ఒక బూటు, ఒక కన్ను చూపిస్తూ పోయి, పేజీ తిప్పగానే రెండు పేజీల మీద మొత్తం మనిషిని దించుతాడు. ఆ ఊపిరి బిగింపు విడిగా ఇష్యూలో ఉన్నంత బాగా ట్రేడ్‌లో ఉండదు. కారణం మరీ సామాన్యం: పిన్నుల పుస్తకం బల్ల మీద పూర్తిగా విచ్చుకుంటుంది, జిగురుతో అంటించిన ట్రేడ్ నడుమ లోయలో అర అంగుళం బొమ్మ మింగేస్తుంది.

స్నైడర్‌కి పాత జబ్బు ఒకటుంది, ఇందులోనూ పోలేదు. బొమ్మలో కనబడుతున్నదాన్నే ఆల్‌ఫ్రెడ్ చేత మళ్ళీ చెప్పిస్తాడు. బ్యాట్‌మ్యాన్ ఒకడి చెయ్యి నరికాడని చూశాక, వాడెంత కోపంగా ఉన్నాడో వివరించే మాటల గడి ఎందుకు సామీ? క్లేటన్ కౌల్స్ అక్షరాలు ఇరుకు గళ్ళలోనూ ఒద్దికగా సర్దాడు కాబట్టి చదవగలుగుతున్నాం. అన్నట్టు చెయ్యి నరకడం నిజంగానే ఉంది. పిల్లలకి కొనిచ్చే కామిక్ కాదిది, పదహారేళ్ళ పైవాళ్ళకే.

మొదటి కథ 1 నుంచి 6 దాకా, బ్లాక్ మాస్క్ అనే విలన్ మీద. 4వ ఇష్యూ గతంలోకి వెళుతుంది, బొమ్మలు గాబ్రియేల్ హెర్నాండెజ్ వాల్టావి. వరస మధ్యలో వేగం పడిపోయిందని దాన్ని తిట్టేవాళ్ళున్నారు గాని విడిగా చదివితే ఆ ఆరింటిలో పూర్తిగా నిలబడేది అదొక్కటే అని నా అభిప్రాయం. 7, 8 మిస్టర్ ఫ్రీజ్ కథ, బొమ్మలు మార్కోస్ మార్టీన్. సూపర్‌హీరో కథ అనుకుని తెరిస్తే దెయ్యం కథ ఎదురవుతుంది. గీత సన్నగా, ఖాళీ చోటు ఎక్కువగా ఉండబట్టే ఆ చలి తగులుతుంది. 9 నుంచి విలన్ బేన్. అక్కడ బొమ్మలు మళ్ళీ డ్రగోటావి, బేన్ సైజు చూస్తే ఇంతకుముందు బ్యాట్‌మ్యాన్‌ని అంత భారీగా ఎందుకు గీశాడో తెలుస్తుంది. పెద్దవాణ్ణి కూడా చిన్నగా చూపించాలంటే ముందు వాణ్ణి పెద్దగా చూపించి ఉండాలి గదా. నా తీర్పు: 1, 4, 7, 8 విడిగా, మిగతాది ట్రేడ్.

1వ ఇష్యూని పదే పదే మళ్ళీ ముద్రించారు, కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మీ చేతికి వచ్చేది ఏ ముద్రణో అమ్మేవాడు చెప్పకపోయినా తెలుసుకునే దారి ఒకటుంది. కవర్ మీద బార్‌కోడ్ పక్కన చిన్న అయిదంకెల కోడ్ చూడండి. మొదటి మూడంకెలు ఇష్యూ నంబరు, నాలుగోది కవర్ రకం, అయిదోది ముద్రణ. 00111 అంటే 1వ ఇష్యూ, అసలు కవర్, మొదటి ముద్రణ. 00121 అయితే అదే మొదటి ముద్రణకి రెండో కవర్. 00112 అయితే రెండో ముద్రణ. చదవడానికి కొనేవాళ్ళకి ఏ ముద్రణైనా ఒకటే. మొదటి ముద్రణ ధర పెట్టి రెండోది తీసుకుంటేనే నష్టం. అందుకని ఫొటో అడిగేటప్పుడు కవర్ మొత్తంతో పాటు బార్‌కోడ్ మూల ఒకటి దగ్గరగా తీసి పంపమనండి. వెన్ను ఫొటో కూడా అడగండి, పిన్నుల పక్కన అడ్డంగా చిన్న తెల్లగీతలు ఉంటే అక్కడ మడత పడినట్టే.

ఈ వరసలో అందరికంటే ఎక్కువ మార్కులు నేను వేసేది బ్యాట్‌మ్యాన్‌కి కాదు, ‘ఆబ్సల్యూట్ వండర్ వుమన్’కి. కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ బొమ్మలు, జోర్డీ బెల్లేర్ రంగులు. కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డుల్లో 2025లో ఉత్తమ కొత్త సిరీస్ దీనిదే. డయానాని, అంటే వండర్ వుమన్‌ని, పసిగుడ్డుగా తెచ్చి నరకంలో మంత్రగత్తె సర్సీ చేతుల్లో పెడతారు. సర్సీకి ఇష్టం లేదు, అయినా పెంచుతుంది. ఆ పిల్ల నరకంలో పెరిగి కూడా దయ నేర్చుకోవడమే కథ. పౌరాణిక సినిమాలు చూసి పెరిగిన మనకి రాక్షసులు, శాపాలు, వరాలు కొత్తగా అనిపించవు. ఇక్కడ కొత్తదనమంతా కథ కట్టిన తీరులో ఉంది. ఇష్యూలో ఒక దారం గతం, ఒక దారం వర్తమానం. గతంలో సర్సీ దగ్గర నేర్చుకున్న ఒక విద్య, లేదా పోగొట్టుకున్న ఒకటి, వర్తమానంలో ఎదురుగా ఉన్న రాక్షసుడి మీద పనికొస్తుంది. రెండు దారాలూ అదే ఇష్యూలో ముడిపడతాయి కాబట్టి వచ్చే నెల దాకా వేలాడే బాధ తక్కువ.

షెర్మన్ పేజీలు నింపాదిగా చూడాలి. గడులు చతురస్రంగా ఉండాలన్న రూలు ఇక్కడ లేదు. మంత్రం వేసేటప్పుడు గడులు గుండ్రంగా తిరుగుతాయి, రాక్షసుడు వచ్చినప్పుడు గడి గీతలే పగులుతాయి. ఇంత చేసినా ఏ గడి తర్వాత ఏ గడి చదవాలో ఒక్క చోట కూడా వెతుక్కోనక్కర్లేదు, ఎందుకంటే మాటల బుడగలు కన్నుని చెయ్యి పట్టి నడిపిస్తాయి. డయానాకి కుడి చెయ్యి ఎందుకు లేదో, ఎముకల గుర్రం ఎక్కడిదో అడక్కండి, మొదటి కథలోనే తెలుస్తుంది. మొదటి ట్రేడ్‌లో 1 నుంచి 7 దాకా ఉన్నాయి. విడిగా కొన్నా నష్టం లేని వరస ఇది, ట్రేడ్‌గా కొన్నా లాభమే.

‘ఆబ్సల్యూట్ సూపర్‌మ్యాన్’ గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. జేసన్ ఆరన్ రచన, రఫా సాండొవాల్ బొమ్మలు. సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం క్రిప్టాన్ మీద కులాల్లాంటి తరగతులు, కాల్-ఎల్ (సూపర్‌మ్యాన్ అసలు పేరు) పుట్టింది కూలి తరగతిలో, గుండె మీది గుర్తు ఆ తరగతి ముద్ర. భూమ్మీదికొచ్చి బ్రెజిల్‌లో వజ్రాల గని కార్మికుల పక్షాన నిలబడతాడు. చీమకుర్తి క్వారీల వైపు తిరిగిన ప్రకాశం జిల్లా పాఠకుడికి ఆ దుమ్ము, ఆ కంపెనీ కాపలా మనుషులు విడమర్చి చెప్పక్కర్లేదు. ఎర్ర దుమ్ములా చెదిరి మళ్ళీ పోగయ్యే కేప్ ఈ వరస మొత్తంలో చూడ్డానికి అందమైన బొమ్మ. చిక్కల్లా కథ కోతలో ఉంది. 20 పేజీల్లో సగం క్రిప్టాన్, సగం భూమి. వండర్ వుమన్‌లో లాగా రెండూ కలవవు. పది పేజీలు ఇటు నడిచి ఆగుతుంది, పది అటు నడిచి ఆగుతుంది. నెలనెలా చదివితే చిరాకు. 1 నుంచి 6 కలిసిన మొదటి ట్రేడ్‌లో అదే కథ గంటన్నరలో బ్రహ్మాండంగా సాగిపోతుంది. ఆగండి.

‘ఆబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్’ మాత్రం కాగితం మీదే చదవాలి. డెనిజ్ క్యాంప్ రచన, బొమ్మలూ రంగులూ హావియెర్ రోడ్రీగెజ్. ముందు ఆరు ఇష్యూలే అన్నారు, గిరాకీ చూసి పన్నెండుకి పెంచారు. జాన్ జోన్స్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటు ఒక బాంబు పేలుడులో బతికి బయటపడ్డాక, అతని తలలో ఒక మార్షియన్, అంటే అంగారక గ్రహ జీవి, మాట్లాడటం మొదలవుతుంది. ఎదుటివాళ్ళ ఆలోచనలు పొగలాగా, రంగులాగా కనబడతాయి. కథ చెప్పేది ఇక్కడ రంగే. ఎవరి పొగ ఏ రంగో గుర్తుపెట్టుకుంటే సంభాషణ లేని గడి కూడా మాట్లాడుతుంది. ఒక ఇష్యూలో కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెనక పేజీ బొమ్మ ముందు పేజీలోకి వచ్చి కలిసేలా గీశారు. ట్యాబ్‌లో చదివేవాడికి ఆ సరదా ఉండదు. ఈ వరస ఇష్యూలుగా కొంటేనే న్యాయం. అయితే ఒక హెచ్చరిక: తన్నులాట కావాలనుకునేవాళ్ళు దీని జోలికి పోవద్దు, పేజీలు తిప్పి ఏముంది ఇందులో అంటారు.

డిజిటల్ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. కామిక్ పేజీ మూల నుంచి మూలకి 12 అంగుళాల పైన. 6.5 అంగుళాల ఫోన్‌లో పేజీ మొత్తం పెడితే అసలు సైజులో 40 శాతమే వస్తుంది, అక్షరాలు చీమల బారే. గడి గడిగా చూపించే పద్ధతిలో చదవొచ్చు గాని షెర్మన్, డ్రగోటా పేజీలకి అది విషం. పేజీ మొత్తాన్ని ఒక బొమ్మగా ఆలోచించి గీసినవి అవి. 11 అంగుళాల ట్యాబ్‌లో నిలువుగా పెడితే 87 శాతం దాకా వస్తుంది, హాయిగా చదవొచ్చు, రెండు పేజీల బొమ్మ వచ్చినప్పుడు ట్యాబ్‌ని అడ్డంగా తిప్పుకోవాలి. కిండిల్‌లో విడి ఇష్యూలు అమ్ముతారు. మార్వెల్‌కి సొంత చందా సర్వీసు, మార్వెల్ అన్‌లిమిటెడ్ ఉంది, అందులో కొత్త ఇష్యూలు కాగితం మీద వచ్చిన మూడు నెలలకి వస్తాయి. మూడు నెలలు ఆగగలిగితే మార్వెల్ విషయంలో అంతకు మించిన బేరం లేదు.

ఆ బేరానికి సరిగ్గా సరిపోయేది ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’. 2024 జనవరిలో మొదలైంది, జొనాథన్ హిక్‌మన్ రచన, బొమ్మలు ఎక్కువగా మార్కో కెకెట్టో, కొన్ని డేవిడ్ మెస్సీనా. పీటర్ పార్కర్ ఇందులో ముప్ఫైల్లో ఉన్న సంసారి. మేరీ జేన్‌తో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. బెన్ బాబాయ్ బతికే ఉన్నాడు, పోయింది మే పిన్ని. సాలీడు కుట్టడం ఆ వయసులో జరుగుతుంది. ఇంకో నియమం ఏందంటే ఇష్యూకీ ఇష్యూకీ మధ్య కథలో కూడా నెల గడుస్తుంది. పిల్లలు మన కళ్ళ ముందే పెరుగుతారు, అది బాగుంది. దాంతోపాటే వచ్చే నష్టం, పోయిన నెల చివర మొదలైన గొడవ ఈ నెల తెరిచేసరికి మనకి కనబడకుండా సగం జరిగిపోయి ఉంటుంది.

4వ ఇష్యూ చూడండి. దాదాపు అంతా రెస్టారెంటులో ఒక బల్ల దగ్గరే: పీటర్, మేరీ జేన్, హ్యారీ ఆస్బోర్న్, గ్వెన్. తిండి, మాటలు, చూపులు. కాగితం మీద విడిగా కొన్నవాళ్ళు అప్పట్లో గొణిగారు, 430 రూపాయలకి భోజనం ముచ్చట్లా అని. ట్రేడ్‌లో మూడు ఇష్యూల పరుగు తర్వాత అదే భోజనం వచ్చేసరికి ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారో అన్నీ తెలిసి చదువుతాం, ఒక్కో మాటకీ పదును కనబడుతుంది. రాత మారలేదు, చదివే వేళ మారిందంతే. సిరీస్ 24 ఇష్యూలతో ముగుస్తుందని ప్రకటించారు కాబట్టి ట్రేడ్‌లు కొనేవాడికి ఎక్కడ ఆగాలో తెలుసు. మొదటి ట్రేడ్ 1 నుంచి 6, రెండోది 7 నుంచి 12. రెండో ఏడాదిలో నడక నెమ్మదించింది, విలన్ విల్సన్ ఫిస్క్ వ్యవహారం సాగదీశారు. మొదటి రెండు ట్రేడ్‌లు కళ్ళు మూసుకుని కొనొచ్చు.

ఇక పేరు గొప్ప, ఊరు దిబ్బ. 2002–03లో ‘బ్యాట్‌మ్యాన్’ 608 నుంచి 619 దాకా వచ్చిన ‘హష్’కి కొనసాగింపు అంటూ 2025 మార్చిలో 158వ ఇష్యూతో అదే రచయిత జెఫ్ లోబ్, అదే చిత్రకారుడు జిమ్ లీ దిగారు. ఆరు ఇష్యూల కథ. మొదటి నాలుగూ నెలనెలా వచ్చాయి, చివరి రెండూ ఆలస్యమయ్యాయి. ఆలస్యాన్ని క్షమించొచ్చు, జిమ్ లీ గీతకి స్కాట్ విలియమ్స్ సిరా, అలెక్స్ సింక్లెయిర్ రంగు ఇప్పటికీ పోస్టరు కట్టించి గోడకి పెట్టుకునేంత బాగున్నాయి. కథే లేదు. ఎవడు ఎవణ్ణి ఎందుకు కొడుతున్నాడో రెండు పేజీల ముందు చెప్పినదానికి రెండు పేజీల తర్వాత పొంతన ఉండదు. పాత ‘హష్’ కావాలంటే డీసీ 2024 నుంచి తెస్తున్న కాంపాక్ట్ కామిక్స్‌లో దొరుకుతుంది: 5.5 అంగుళాలకి 8.5, అమెరికాలో 9.99 డాలర్లు. అదే సైజులో ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’, ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ కూడా ఉన్నాయి. అక్షరం చిన్నది, నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు దగ్గర పెట్టుకోవాలి, కానీ పూర్తి కథకి ఆ ధర అంటే రెండు విడి ఇష్యూల ఖర్చే.

నెల్లూరు, ఒంగోలు పుస్తకాల షాపుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లు కొండలాగా ఉంటాయి, విడి ఇష్యూల కోసం తిరగడం దండగ. ట్రేడ్‌లు ఆన్‌లైన్‌లో సులువు. మద్రాసు వెళ్ళే పనున్నవాళ్ళు అక్కడి పెద్ద షాపుల్లో చేతపట్టి చూసి కొనొచ్చు, నడుమ లోయ ఎంత మింగుతుందో కూడా తెలుస్తుంది. విడి ఇష్యూలు పెద్ద ఊళ్ళలో ఉండి ప్రీ-ఆర్డర్ తీసుకునే కామిక్స్ వ్యాపారుల ద్వారానే. అమెరికాలో కొత్త ఇష్యూలు బుధవారం విడుదలవుతాయి, షాపులు తమ చివరి ఆర్డరు అంతకు మూడు నాలుగు వారాల ముందే ఖాయం చేస్తాయి. మీరు అంతకంటే ముందు చెప్పకపోతే వ్యాపారి దగ్గర మిగిలింది తీసుకోవడమే. 1:25 అని రాసి ఉన్న వేరియంట్ (వేరే బొమ్మ వేసిన) కవర్లంటే షాపు 25 మామూలు కాపీలు కొంటే ఒకటి తెప్పించుకోవచ్చని అర్థం. లోపలి కథ మాత్రం అదే, ఒక్క గీత కూడా మారదు. డీసీలో ఒక డాలరు ఎక్కువ పెడితే దళసరి అట్ట కవర్ వస్తుంది. మన ఉక్కకి అది మేలే, పల్చటి కవర్ లాగా చివర్లు లేచి చుట్టుకోవు. మార్వెల్ కవర్లు ఎటూ పల్చన, వాటిని అట్ట లేకుండా ప్లాస్టిక్ కవర్లో పెడితే వంగిపోతాయి.

పార్సిల్‌లో చెడేది మూలలు. అమ్మేవాణ్ణి ముందే అడగండి: ఇష్యూని ప్లాస్టిక్ కవర్, అట్టతో కలిపి, రెండు కార్డ్‌బోర్డ్ ముక్కల మధ్య పెట్టాలి, ఆ ముక్కలు నాలుగు వైపులా అంగుళం ఎక్కువుండాలి, ఒకదాని గాడి నిలువుగా రెండోదాని గాడి అడ్డంగా ఉండాలి. రెండు గాడులూ ఒకే వైపుంటే పార్సిల్ ఆ గాడి వెంబడే మడిగిపోతుంది. ఇష్యూ లోపల జారకుండా ప్లాస్టిక్ కవర్‌ని ఒక ముక్కకి టేపుతో అంటించాలి, కామిక్‌కి టేపు తగలకూడదు. పైన ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మనకి వానలన్నీ అప్పుడే గదా.

ఆ మూడు నెలలే ఇంట్లో ఉన్నవాటికీ గండం. కొత్త ఇష్యూలకి 6.875 అంగుళాల వెడల్పు, 10.5 పొడవున్న పాలీప్రొపిలీన్ కవర్లు సరిపోతాయి. పీవీసీ కవర్లు వద్దు, కాలం గడిచేకొద్దీ జిగటగా మారి రంగుని పట్టుకుంటాయి. వెనక పెట్టే అట్ట యాసిడ్ లేనిది కావాలి, నున్నటి వైపు కామిక్‌కి తగిలేలా పెట్టండి. ప్లాస్టిక్ కవర్ మూసే టేపు అట్ట వైపే ఉండాలి, లేదంటే తీసేటప్పుడు కవర్ బొమ్మకి అంటుకుని రంగు లేచొస్తుంది. నిలువుగా పెట్టండి, వాలిపోకుండా, ఇరుక్కోకుండా. పెట్టెకి 50 గ్రాముల సిలికా జెల్ పొట్లం చాలు. తడి పీల్చాక రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది, ఎండలో పెడితే ఆ తడి పూర్తిగా పోదు, ఓవెన్‌లో ఆరబెట్టాలి. పురుగు పట్టకుండా వేపాకు పెట్టే అలవాటు బట్టల బీరువా వరకే బాగు. పచ్చి ఆకులో ఉన్న తడి కాగితానికి మరక వేస్తుంది. కలరా ఉండల వాసన కాగితం వదలదు.

ముందు తుప్పు పట్టేది పిన్నులు. వానాకాలంలో నెలకోసారి నాలుగైదు ఇష్యూలు తీసి నడిమి పేజీ దగ్గర చూడండి. పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ మొదలైతే ఆ పెట్టెలో జెల్ అయిపోయినట్టే. ఉక్కు బీరువాలో పెట్టేవాళ్ళు దాన్ని బయటి గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడంగా జరపండి, అడుగు అరలో కామిక్స్ పెట్టకండి. తడిసిన గోడ చెమ్మ ముందు దిగేది అక్కడికే.